అలారం మోగింది, మందు పడలేదు

ప్రశ్న: మా నాన్నగారికి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్). నిలోటినిబ్ క్యాప్సూళ్లు రెండు పూటలా వేసుకోవాలి. అలారం పెట్టినా మరిచిపోతున్నారు. మూడు నెలలకోసారి వచ్చే పీసీఆర్ రక్తపరీక్ష రిపోర్టులు కట్టలుగా పేరుకుపోయాయి. మంచి యాప్ ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: తప్పు నాన్నగారిది కాదు, అలారానిది. నిలోటినిబ్ క్యాప్సూలుకు ముందు రెండు గంటలు, వేసుకున్నాక ఒక గంట ఏమీ తినకూడదు. మోగేసరికి ఆయన అప్పుడే ఏదో తిని ఉంటారు. 'కాసేపాగి వేసుకుందాం' అని ఆపేస్తారు. ఆ కాసేపు మళ్లీ రాదు. అందుకే పూటకు మూడు అలారాలు పెట్టండి: 'ఇక తినవద్దు', 'మందు వేళ', 'ఇప్పుడు తినవచ్చు'. మొదటిదే అసలైనది. ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెట్టింపు వేసుకోకూడదని కూడా ఆ అలారం పేరులోనే రాసిపెట్టండి.

ఐఫోన్ అయితే వేరే యాప్ అక్కర్లేదు. ఐఓఎస్ 16 నుంచి హెల్త్ యాప్‌లోనే మందుల విభాగం ఉంది. వేసుకున్నదీ మానేసినదీ తేదీలవారీగా నమోదవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఏ యాప్ వాడినా, సెట్టింగ్స్‌లో దానికి బ్యాటరీ పరిమితి తీసేయండి. లేకపోతే ఛార్జింగ్ మిగల్చాలని ఫోను దాని నోరు నొక్కేస్తుంది.

ఇక రిపోర్టులు. గూగుల్ షీట్స్‌లో తేదీ, బీసీఆర్-ఏబీఎల్ శాతం (ఈ క్యాన్సర్‌కు గుర్తయిన జన్యువు రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకె), గమనిక అని మూడు గడులు చాలు. ఉదాహరణకు 60, 8, 0.7, 0.06 అని వరుసగా వచ్చాయనుకోండి. మామూలు గ్రాఫ్‌లో చివరి రెండూ నేలకు అతుక్కుపోతాయి. చూడవలసిన మార్పు అక్కడే ఉంది మరి! చార్ట్ ఎడిటర్‌లో కస్టమైజ్, వర్టికల్ యాక్సిస్‌కు వెళ్లి లాగ్ స్కేల్ పెట్టండి. 10, 1, 0.1, 0.01 సమానమైన మెట్లుగా కనిపిస్తాయి. 0.1 దగ్గర ఒక గీత గీయండి. అక్కడికి, లేదా దానికంటే కిందికి దిగితే వైద్యులు 'మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్' అంటారు, అంటే మందు బాగా పనిచేస్తోందని గుర్తు. 'కనిపించలేదు' అని వస్తే సున్నా వేయకండి, లాగ్ స్కేల్‌లో సున్నాకు చోటు లేదు. గడి ఖాళీగా ఉంచి, గమనికలో రాయండి. అంతర్జాతీయ స్కేల్ (ల్యాబులన్నిటికీ ఉమ్మడి కొలమానం) మీద ఇచ్చిన అంకెలనే ఎక్కించండి, వీలైతే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌వి.

ఆ గమనిక గడిని చిన్నచూపు చూడకండి. దద్దుర్లు, తలనొప్పి, అలసట ఏ రోజు వచ్చాయో ఆ రోజే రాస్తే, డాక్టరు గదిలో 'ఈమధ్యే ఎప్పుడో' అని తడుముకోనక్కర్లేదు. చార్ట్, తప్పిన పూటల లెక్క, గమనికలు కలిపి ఒక్క పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి.

ప్రశ్న: రిపోర్టు ఫొటో తీసి ఏఐ చాట్‌బాట్‌ను అడగవచ్చా?

జవాబు: పేరు, ఆసుపత్రి నంబరు కత్తిరించాకే. డాక్టరును ఏమేం అడగాలో తయారుచేసుకోవడానికి పనికొస్తుంది. మోతాదు మార్చడానికి కాదు. అది చదివిన అంకెను కాగితంతో పోల్చి చూడండి. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగినా లెక్క పదింతలు మారిపోతుంది.