చెల్లి కంటే ముందు మీకెందుకు చెప్పారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: గర్భసంచి ఆపరేషన్ కోసం చెల్లిని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ పాజిటివ్ అని మిమ్మల్ని పక్కకి పిలిచి చెప్పారు. సాయంత్రానికల్లా వార్డులో ఆయాలతో సహా అందరికీ తెలిసిపోయింది. కంప్లైంట్ పెడదామంటే ఊళ్ళో కూడా పాకుతుందేమోనని భయం. చెల్లికి ఇంకా చెప్పలేదు.

ఆ చివరి ముక్క దగ్గరే మొదలుపెడతానండీ. పెళ్ళయి పిల్లలున్న మనిషి, తెలివిగానే ఉంది, రక్తం ఆమెది. రిజల్టు మీకెందుకు చెప్పారు? బిల్లు కట్టేది అన్నయ్య కాబట్టి. మన దగ్గర అది ఎంత మామూలంటే, తప్పని మీకూ తోచలేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం, రోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఈ సంగతి బయటపెట్టకూడదు. వైద్యం చేసేవాళ్ళు అవసరం మేరకు తమలో తాము చెప్పుకోవడం, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, 'అన్నయ్య' అన్న మినహాయింపు అందులో లేదు. ఆమె భర్తకు చెప్పడానికి కూడా షరతులున్నాయి. చెబితే కొడతాడనో, వదిలేస్తాడనో భయం ఉంటే డాక్టరైనా చెప్పకూడదు. కాబట్టి మీరు తొందరపడి బావగారికి ఫోన్ చేయకండి.

నేను ఓ జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను. మీరు తిడుతున్న ఆ వార్డు స్టాఫ్‌లో ఒకప్పుడు నేనూ ఉన్నాననుకోండి. మగవాళ్ళ సర్జికల్ వార్డు, పద్నాలుగో బెడ్, హెర్నియా కేసు. ఇన్‌చార్జి సిస్టర్ చెప్పిందని కేస్‌షీట్ అట్ట మీద ఎర్ర పెన్నుతో పెద్దక్షరాల్లో హెచ్‌ఐవీ పాజిటివ్ అని నేనే రాశాను. డ్యూటీ మారేటప్పుడు 'ఫోర్టీన్‌కి డబుల్ గ్లౌజు' అని కౌంటర్ దగ్గర అరిచి చెప్పిందీ నేనే. మర్నాడు పొద్దున ఆయమ్మ అందరికీ టీ చేతికిస్తూ వచ్చి, ఆయన గ్లాసు మాత్రం మంచం పక్కన నేల మీద పెట్టి, కాలితో కొంచెం లోపలికి జరిపింది. ఆయన ఆ గ్లాసు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. అప్పటికి ఆయనకి రిజల్టు చెప్పలేదు. 'సిస్టరమ్మా, మా ఆయనకే ఎందుకు కింద పెట్టింది?' అని భార్య అడిగితే ఏదో గొణిగాను. ఆ సాయంత్రమే లామా, అంటే డాక్టర్లు వద్దన్నా మా ఇష్టంతో వెళ్తున్నామని కాగితం, రాసిచ్చి వెళ్ళిపోయారు. హెర్నియా అలాగే ఉండిపోయింది.

ఇంతా చేసి ఆ ఎర్ర రాత ఎవరినీ కాపాడదు. వైరస్ సోకిన మొదటి వారాల్లో టెస్టు నెగెటివే రావచ్చు. అందుకే గ్లౌజులు, సూదుల జాగ్రత్త పద్నాలుగో బెడ్‌కి ఎంతో పదమూడుకీ అంతే. పొరపాటున సూది గుచ్చుకున్నా 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి.

ఇప్పుడు మీ సంగతి. ముందు చెల్లిని ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రానికి తీసుకెళ్ళండి. అక్కడ పరీక్ష ఉచితం. పాజిటివ్ అని ఖాయం చేసే ముందు మూడు రకాల కిట్లతో చూస్తారు కాబట్టి, ఆపరేషన్‌కి ముందు చేసిన ఒక్క టెస్టునే పట్టుకుని కూర్చోకండి. కౌన్సెలర్ ఆమెతో విడిగా మాట్లాడతారు, మీరు బయటే ఉండండి. మందులు అవసరమైతే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) సెంటర్లో ఉచితంగా ఇస్తారు. వెళ్ళే ముందు ఏదైనా అడగాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. ఇక ఈ కారణం చూపించి 'ఆపరేషన్ మేం చెయ్యం' అంటే మాత్రం ఊరుకోవద్దు, అలా నిరాకరించడం కూడా అదే చట్టం కింద తప్పు.

కంప్లైంట్ పెట్టాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. సరేనంటే, ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ఆసుపత్రిలో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. అక్కడ తేలకపోతే రాష్ట్ర స్థాయిలో ఈ చట్టం కింద నియమించే అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులు విచారించే అధికారి, ఉంటారు. 30 రోజుల్లో, వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంత త్వరగా, కుదిరితే 24 గంటల్లోనే ఆదేశం ఇవ్వాలి. డాక్టరు మీదైతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి రాయొచ్చు. మీ అసలు భయానికి జవాబు కూడా చట్టంలోనే ఉంది: కోర్టు దాకా వెళ్తే ఆమె పేరు బదులు మారుపేరుతో, తలుపులు మూసి విచారణ జరపమని అడగొచ్చు. ఆ విచారణలో తెలిసిన సంగతి బయటపెట్టినవాళ్ళకి లక్ష రూపాయల దాకా జరిమానా.

సాక్ష్యం విషయంలో ఒక మాట. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. చెల్లి సంతకంతోనే అడగండి. జిరాక్సులో మామూలుగా అట్ట రాదు, వచ్చినా ఎర్ర రాత నల్లగా పడుతుంది. అట్ట మీద ఏమైనా రాసి ఉంటే ఆమె ఫోన్‌తోనే ఫొటో తీయించండి.

అన్నట్టు, ఆ రిపోర్టు ఫొటో మీ ఫోన్లో ఉందేమో చూసుకోండి. సలహా కోసమని తెలిసిన డాక్టరుకో, బాబాయికో ఇప్పటికే వాట్సాప్‌లో పంపి ఉంటే, చెల్లితో మాట్లాడేటప్పుడు ఆ సంగతి కూడా దాచకుండా చెప్పండి.