తెరమీది ప్రదర్శన: విద్యార్థుల డిజిటల్ కళపై పాఠకుల ప్రశ్నలు

లలిత కళల విభాగాల్లో వార్షిక ప్రదర్శనల కాలం దగ్గరపడుతున్నందున ఈసారి శీర్షికను పూర్తిగా విద్యార్థుల డిజిటల్ కళాకృతుల ఆన్‌లైన్ ప్రదర్శనలకే కేటాయిస్తున్నాం. ఉత్తరాలు పొడవుగా ఉన్నచోట సారాంశం మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మేం ఎంఎఫ్ఏ చివరి సంవత్సరం విద్యార్థులం. మాలో కొందరు యానిమేషన్ చేశారు, కొందరు కోడ్ రాసి కదిలే చిత్రాలు చేశారు, ఇద్దరు శబ్దంతో పనిచేశారు. ఈ ఏడాది ప్రదర్శనను ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. నిజమైన గ్యాలరీలాగే గోడలు, ఫ్రేములు, దీపాలు ఉన్న త్రీడీ హాలు కట్టమని మా గురువుగారు అంటున్నారు. నాకు అది సరిపడదనిపిస్తోంది. ఆయనకు ఎలా చెప్పాలి? (ఒక విద్యార్థిని, విశాఖపట్నం)

జవాబు: మీ గురువుగారి సలహాకు బలమైన కారణమే ఉంది. హాలులో నడిచేటప్పుడు ఏ కృతి ముందు వస్తుంది, దేని పక్కన ఏది ఉంది అన్నది చూపరికి చెప్పకుండానే తెలుస్తుంది. ప్రదర్శనను కూర్చినవారి ఆలోచన ఆ వరుసలోనే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి కళాశాలలు మూతపడినప్పుడు దేశదేశాల విద్యార్థులు తమ ప్రదర్శనలను ఉన్నపళంగా ఆన్‌లైన్‌కు మార్చుకోవలసి వచ్చింది. ఆర్ట్‌స్టెప్స్, కున్స్ట్‌మాట్రిక్స్ వంటి సేవల్లో గోడలు, ఫ్రేములు తయారుగా దొరికాయి కనుక చాలామంది వాటినే వాడుకున్నారు. కాన్వాసు మీది చిత్రానికి తీసిన ఫొటోను చూపడానికి ఆ పద్ధతి సరిపోయింది కూడా.

మీ బృందం చేసిన పనులు మాత్రం కంప్యూటర్లోనే పుట్టినవి, తెరే వాటి అసలు చోటు. తెరిచిన ప్రతిసారీ కొత్తగా గీసుకునే ఒక కోడ్ కృతిని వీడియోగా తీసి, ఆ వీడియోను బొమ్మ గోడ మీది బొమ్మ ఫ్రేములో బిగించి, దాన్ని మళ్లీ తెర మీద దూరం నుంచి చూపించినప్పుడు, ఆ కృతిని కృతిగా నిలబెట్టిన గుణమే పోతుంది. కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో కళాకారుల కోసం ప్రాసెసింగ్ అనే కోడ్ రాసే సాధనాన్ని రూపొందించారు. లారెన్ మెకార్తీ అదే బాటలో తెచ్చిన పీ5.జేఎస్ నేరుగా బ్రౌజర్లోనే నడుస్తుంది. కాబట్టి కోడ్‌తో చేసిన పనులకు గోడ అవసరం లేదు. ఒక్కొక్కదానికి తెర నిండా ఒక పేజీ ఇవ్వండి. యానిమేషన్‌ను పూర్తి తెరపై నడిచే వీడియోగా, మాటలకు సబ్‌టైటిళ్లతో పెట్టండి. శబ్దకృతులకు దాదాపు ఖాళీ పేజీ చాలు. అయితే చూపరి ఒకసారైనా తెరను తాకనిదే శబ్దాన్ని బ్రౌజర్లు మొదలుపెట్టనివ్వవు కనుక ప్రారంభానికి ఒక మీట తప్పదు. ఆ మీట మీది మాటనూ రంగునూ శబ్దం చేసిన విద్యార్థులే నిర్ణయించాలి, ఎందుకంటే చూపరికి కృతి అక్కడే మొదలవుతుంది. త్రీడీ స్థలాన్ని, తనంతట తానే ఒక స్థలంగా ఊహించిన కృతికి మాత్రమే ఉంచండి. అలాంటి పని మీ బృందంలో ఉంటే, 2020లో మొదలైన న్యూ ఆర్ట్ సిటీ అనే ఆన్‌లైన్ వేదికలో విద్యార్థులు కట్టిన స్థలాలను ఒకసారి చూడండి. వాటికి పైకప్పు, నేల కూడా ఉండాలన్న నియమం లేదు.

గురువుగారితో వాదన కన్నా, ఒకే కృతిని హాలు గోడ మీద ఒకసారి, సొంత పేజీలో ఒకసారి పెట్టి ఆయన ఫోనులోనే చూపించడం మేలు. ఆయన కోరుకుంటున్న క్రమం ఎక్కడికీ పోదని కూడా చెప్పండి. పేజీల వరుసను, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే దారిని, ముందుమాటను ఆయన చేతనే కూర్పించండి. ఆన్‌లైన్ ప్రదర్శన రెండో తరగతి ప్రదర్శన అన్న అనుమానం ఎవరికైనా ఉంటే, కేరళలో జరిగే కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళాప్రదర్శనకు అనుబంధంగా 2014లో మొదలైన స్టూడెంట్స్ బినాలే 2021లో ఆన్‌లైన్‌లో జరిగిన సంగతి గుర్తుచేయవచ్చు.

ప్రశ్న: మా కళాశాల విద్యార్థుల వర్చువల్ ప్రదర్శన ల్యాబ్ కంప్యూటర్లలో చక్కగా నడుస్తోంది. ఫోనులో మాత్రం సగం లోడయ్యి బ్రౌజర్ మూసుకుపోతోంది. బొమ్మల ఫైళ్లు ఒక్కొక్కటి 3 ఎంబీకి మించలేదు. లోపం ఎక్కడ? (ఒక అధ్యాపకుడు, కరీంనగర్)

జవాబు: ఫైలు పరిమాణం డౌన్‌లోడ్‌కు పట్టే సమయాన్ని చెబుతుంది కానీ మెమరీలో అది ఆక్రమించే చోటును చెప్పదు. జేపీజీ ఫైలు త్రీడీ దృశ్యంలోకి వచ్చేసరికి పూర్తిగా విప్పుకుంటుంది. అడ్డం 4096, నిలువు 4096 చుక్కలున్న బొమ్మలో చుక్కకు నాలుగు బైట్ల చొప్పున లెక్కిస్తే 64 ఎంబీ అవుతుంది. అటువంటివి ఇరవై ఉంటే 1,280 ఎంబీ కావాలి. నాలుగు జీబీ మెమరీ ఉన్న ఫోనులో సింహభాగం సిస్టమ్‌కూ ఇతర యాప్‌లకూ పోతుంది కనుక బ్రౌజర్ ఆ బరువును మోయలేక పేజీని మూసేస్తుంది. అదే బొమ్మను 2048 చుక్కలకు తగ్గిస్తే 16 ఎంబీ, 1024కు తగ్గిస్తే 4 ఎంబీ చాలు. చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 చుక్కలకు అటూ ఇటూగా ఉంటుంది కనుక దూరం నుంచి చూసే బొమ్మకు 1024 సరిపోతుంది. చూపరి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే పెద్ద బొమ్మ లోడయ్యేలా, దాటి వెళ్లగానే అది మెమరీ నుంచి తొలగిపోయేలా రాయించండి. త్రీడీ నమూనాలను వెబ్‌కు అనువైన జీఎల్‌టీఎఫ్ ఫైలు పద్ధతిలో, వాటి పరిమాణాన్ని తగ్గించే డ్రేకో కుదింపుతో ఇస్తే డౌన్‌లోడ్ కూడా తగ్గుతుంది.

పరీక్షను మాత్రం ల్యాబులో చేయవద్దు. మీ విద్యార్థుల్లో అందరికన్నా పాత ఫోను ఎవరిదో కనుక్కుని, కళాశాల వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరిపించండి. ఆ ఫోనులో నడిస్తేనే ప్రదర్శన సిద్ధమైనట్టు. ఇంకొక్క మాట, మీరు అడగకపోయినా చెప్పవలసినది. గ్లిచ్ పద్ధతిలో, అంటే సాంకేతిక లోపాల రూపాన్నే కళగా వాడుతూ చేసిన కృతుల్లో తెర వేగంగా మెరుస్తుంటుంది. సెకనుకు మూడుసార్లకు మించిన మెరుపులు కొందరిలో మూర్ఛను రేపగలవని వెబ్ సౌలభ్య ప్రమాణాలు హెచ్చరిస్తున్నాయి. అటువంటి కృతికి ముందు స్పష్టమైన హెచ్చరిక ఉంచి, చూపరి సరేనన్న తరువాతే దాన్ని తెరవండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనవరాలు తన ప్రదర్శన లింకు పంపింది. తెరిచాను, కాసేపు చూశాను, ఏం చూడాలో తెలియలేదు. పిల్ల మనసు నొచ్చుకుంటుందేమోనని బాగుందన్నాను. (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వీలైతే ఫోనులో కాకుండా కంప్యూటర్లో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ తెరవండి. ఒక్కో కృతి దగ్గర ఐదు నిమిషాలైనా ఆగండి. ఈ తరహా కృతుల్లో చాలావాటికి కాలమే ప్రధాన పదార్థం, మొదటి క్షణంలో కనిపించేది చివరిదాకా అలాగే ఉండదు. మౌస్ కదిపి, నొక్కి, ఏం మారుతుందో గమనించండి. ఆ తరువాత మనవరాలితో బాగుందనడానికి బదులు మీకు కనిపించినదాన్ని, వినిపించినదాన్ని వర్ణించి చెప్పండి. తాను అనుకున్నది అవతలివారికి చేరిందో లేదో తెలుసుకోవాలని ఎదురుచూసే విద్యార్థికి అంతకు మించిన స్పందన లేదు. ప్రతి కృతి కింద తెలుగులో నాలుగు వాక్యాల పరిచయం రాయమని కూడా ఆమెకు చెప్పండి. విద్యార్థులు ఆ పరిచయాలను ఇంగ్లిష్‌లో మాత్రమే రాసి, తమ ఇంటివారినే తమ ప్రదర్శనకు వెలుపల నిలబెడుతున్నారని నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: నా కృతిలో తెలుగు అక్షరాలు గాలిలో తేలుతూ కలిసి విడిపోవాలి. కానీ త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే వత్తులు పక్కకు జరిగి, పొల్లులు కనిపిస్తున్నాయి. (ఒక విద్యార్థి, కడప)

జవాబు: ఫాంటులో లోపం లేదు, దాన్ని మార్చి ప్రయోజనం ఉండదు. తెలుగులో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటర్లో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అన్న ఆరు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. వాటిని సరైన ఆకారంగా కూర్చే పనిని బ్రౌజర్లు, సాధారణ ఆఫీసు సాఫ్ట్‌వేర్లు చేస్తాయి. గేములకూ త్రీడీకీ వాడే అనేక పరికరాలు ఆ కూర్పు చేయకుండా సంకేతాలను వరుసగా పేర్చేస్తాయి. గేములు చేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను చూపే టెక్స్ట్‌మెష్ ప్రో ఇందుకు ఒక ఉదాహరణ. దీనికి నమ్మకమైన దారి ఒకటుంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పదాన్ని టైపు చేసి, దాన్ని గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా భద్రపరచి, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోకి దిగుమతి చేసుకోండి. అప్పుడు అది అక్షరం కాదు, ఆకారం. వత్తు ఎక్కడికీ జరగదు. పైగా వత్తును విడి వస్తువుగా కదపవచ్చు కనుక మీరు కోరిన కలయిక, విడిపోవడం ఇంకా సులువవుతాయి. పీ5.జేఎస్‌లో చేసేటట్లయితే మామూలు టూడీ పద్ధతిలో, ఫాంటు ఫైలును విడిగా లోడ్ చేయకుండా పేజీ స్టైల్‌లో పేర్కొన్న ఫాంటునే వాడండి. కూర్పు బాధ్యత బ్రౌజర్ తీసుకుంటుంది. ప్రదర్శనకు పెట్టే ముందు తెలుగు చదవగలిగిన ఒకరి చేత ప్రతి పదాన్నీ సరిచూపించండి.

ప్రశ్న: ప్రదర్శనలో పాల్గొనాలంటే కృతిపై సర్వహక్కులూ సంస్థకు ఇస్తున్నట్టు సంతకం చేయమన్నారు. చేయవచ్చా? నా వీడియోలో ఒక సినిమా పాట ఇరవై సెకన్లు ఉంది, అది ఫరవాలేదు కదా? (పేరు రాయవద్దని కోరిన విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: చదవకుండా చేయవద్దు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం కృతికి మొదటి హక్కుదారు దాన్ని సృష్టించినవారే. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి మినహాయింపు ఉంది కానీ విద్యార్థి ఉద్యోగి కాడు. అయితే ప్రవేశం పొందినప్పుడు మీరు అంగీకరించిన నిబంధనల్లో దీని గురించి ఏమైనా ఉందేమో చూసుకోండి. ప్రదర్శించడానికి సంస్థకు కావలసింది అనుమతి మాత్రమే, యాజమాన్యం కాదు. కనుక ఈ ప్రదర్శనలోనూ దాని ప్రచారంలోనూ, ఇంత కాలం పాటు, చూపడానికి అనుమతిస్తున్నానని రాసి ఇస్తామని మర్యాదగా అడగండి. ఒప్పందంలో కాలం పేర్కొనకపోతే దాన్ని ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమైనదిగా 19వ సెక్షన్ భావిస్తుంది. ఇంటర్నెట్ ప్రదర్శనకు ఎల్లలుండవు కనుక రెండింటినీ స్పష్టంగా రాసుకోవడం ఇరువర్గాలకూ మంచిది. హక్కులు ఇచ్చేసిన తరువాత కూడా, కృతి మీదేనని చెప్పుకునే హక్కు, పేరుకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు మిగులుతాయి.

పాట సంగతి: ఇన్ని సెకన్లలోపు వాడుకోవచ్చన్న మాట చట్టంలో ఎక్కడా లేదు. తీసేయండి, లేదా తోటి విద్యార్థి చేత కొత్త సంగీతం చేయించుకుని ఆ పేరు వేయండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట మా అబ్బాయి వాళ్ల బృందం చేసిన ప్రదర్శనను ఇక్కడి నుంచే చూసి ఎంతో సంతోషించాం. ఇప్పుడు ఆ లింకు తెరుచుకోవడం లేదు. అది మళ్లీ దొరుకుతుందా? (ఒక పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: ముందు ఆ చిరునామాను పాత వెబ్ పేజీల ప్రతులను దాచే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి చూడండి. మామూలు పేజీలు, బొమ్మలు దొరికే అవకాశం ఉంది. పలువురు ఒకేసారి తిరిగే త్రీడీ గదులైతే ఆశ తక్కువ. అవి సర్వరుతో నిరంతరం మాట్లాడుతూ నడిచేవి కనుక పైపై ప్రతిలో నిలవవు. అటువంటి గదుల కోసం విద్యార్థులు విరివిగా వాడిన మొజిల్లా హబ్స్ 2018లో మొదలై 2024 మే 31న ఆగిపోయింది. త్రీడీ నమూనాలు దాచుకునే గూగుల్ పోలీ 2021 జూన్ 30న మూతపడింది. మీ అబ్బాయి బృందంలో ఎవరి దగ్గరైనా అసలు ఫైళ్లు ఉంటే పని సగం అయినట్టే. హబ్స్ మూల కోడ్ బహిరంగంగానే ఉంది కనుక సొంత సర్వరుపై ఆ గదిని మళ్లీ తెరవవచ్చు. వెంటనే అందరికీ రాసి అడగమనండి, పాత ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి పోకముందే.

ఈ ఏడాది ప్రదర్శన చేయబోతున్న విద్యార్థులు కూడా ఈ జవాబును తమ కోసమే అనుకుని చదవాలని కోరుతున్నాను. ఒకప్పుడు వెబ్ యానిమేషన్‌కు వాడిన ఫ్లాష్‌లో చేసిన కృతులు ఎన్నో 2020 డిసెంబరు 31న అడోబీ దాన్ని నిలిపివేయగానే తెరుచుకోవడం మానేశాయి. వాటిలో కొన్నింటిని నేడు ఫ్లాష్‌ను అనుకరించి నడిపే రఫిల్ అనే ఎమ్యులేటర్ ద్వారా చూడగలుగుతున్నామంటే, ఎవరో ఆ ఫైళ్లను పారేయకుండా దాచబట్టే. అందువల్ల ప్రదర్శన ముగిసిన వారంలోనే మూల కోడ్‌ను, అందులో వాడిన లైబ్రరీలను (ఇతరులు రాసిపెట్టిన తయారు కోడ్) బయటి లింకులుగా కాకుండా అసలు ఫైళ్లుగా, ఫాంట్లతో సహా ఒకే ఫోల్డరులోకి చేర్చండి. ప్రతి కృతినీ ఒక చూపరి చూస్తున్నట్టుగా మొదటి నుంచి చివరిదాకా స్క్రీన్ రికార్డు చేయండి. వెబ్‌రికార్డర్ వారి ఆర్కైవ్‌వెబ్.పేజ్ అనే ఉచిత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో, మీరు తిరిగిన పేజీలన్నింటినీ ఒకే ఫైలుగా భద్రపరచవచ్చు.

న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం ఈ తరహా కృతుల కోసం చేపట్టిన పనిలో కళాకారులను అడిగే ప్రశ్నలు కూడా మీకు పనికొస్తాయి. నా కృతిని ఉన్నదున్నట్టు దాచాలా, పాత యంత్రాన్ని అనుకరించి నడపాలా, కొత్త సాంకేతికతలోకి మార్చవచ్చా, పూర్తిగా మళ్లీ సృష్టించినా ఫరవాలేదా? మీ జవాబును, సాఫ్ట్‌వేర్ల పేర్లు, వెర్షన్లతో పాటు సాదా టెక్స్ట్ ఫైలులో తెలుగులోనే రాసి అదే ఫోల్డరులో పెట్టండి. శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం ఏర్పడినది కనుక ఎంఎఫ్ఏ ప్రదర్శనకు ఆ దారి లేదు. కాబట్టి ఫోల్డరు ప్రతిని ఒక హార్డ్ డిస్కులో మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకొక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి, మూడవది ఊళ్లో ఉండే ఒక స్నేహితుడికి ఇవ్వండి.