కిస్తీ కడితే యూనిట్ నడిచినట్టేనా?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. మండల సమాఖ్యలో పనిచేస్తాను. సర్కారు పథకాల కింద మా దగ్గర చాలామంది పిండి గిర్నీలు, టైలరింగ్ షాపులు పెట్టుకున్నారు. కిస్తీలు బాగానే వస్తున్నాయి కాబట్టి పథకం సక్సెస్ అని రిపోర్టు రాయమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చూసి రాయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం సబబైనదేనమ్మా. ఉమ్మడి పాలమూరులో బ్యాంకు ఫీల్డాఫీసరుగా చాలాకాలం తిరిగినవాణ్ణి. షాపు షట్టరు దించేసి ఏడాదైనా, భర్త బొంబాయిలో మేస్త్రీ పని చేసి పంపే పైసలతో నెలనెలా కిస్తీ కట్టిన ఇల్లాలిని చూశాను. బ్యాంకు లెక్కలో అది మంచి ఖాతానే. ఆ ఇంటికి మాత్రం అప్పు పెరిగింది, ఆదాయం పెరగలేదు. కాబట్టి కిస్తీ ఏ సంపాదనలోంచి వస్తోందో ముందు అడగండి.

గిర్నీకి వెళితే మిషను ఉందా అని చూసి తిరిగి రాకండి. ఏడాది కరెంటు బిల్లులు తీయించి వరసగా పెట్టండి. ఏ నెల గిర్నీ ఆడిందో, ఏ నెల ఊరికే ఉందో కాలిన కరెంటు యూనిట్లే చెబుతాయి. టైలరింగ్ అయితే కొలతల నోటుబుక్కు అడగండి.

పీఎంఈజీపీ (కేంద్రం నడిపే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) లోన్లయితే ఇంకో సంగతి. పల్లెల్లో మహిళలకు ఇందులో 35 శాతం సబ్సిడీ ఉంది. అది మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తర్వాతే అప్పులో జమవుతుంది. అందాకా ఎలాగో నెట్టుకొచ్చి ఆపేసేవాళ్లుంటారు. నాలుగో ఏట కూడా వెళ్లి చూడాలి.

పథకం లేకున్నా ఆమె షాపు పెట్టేదేనా? తేల్చడం కష్టమైన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం 104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంచిన 52 బస్తీల్లో ముందుగా ఒక ప్రైవేటు సంస్థ చిన్న అప్పులు ఇచ్చేలా చేసి, మిగతా వాటితో పోల్చింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచుకున్నారు. ఇంటి ఖర్చు మాత్రం సగటున చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పోల్చకపోతే ఈ తేడా బయటపడేదే కాదు.

మీకంత వసతి ఉండదు. కానీ దరఖాస్తు పెట్టుకున్నా టార్గెట్ అయిపోయి లోన్ రానివాళ్లు మీ మండలంలోనే ఉంటారు. వాళ్లిప్పుడేం చేస్తున్నారో కనుక్కోండి. కొత్త గిర్నీ వచ్చాక పక్క వీధి పాత గిర్నీకి గిరాకీ పడిపోయిందేమో అదీ విచారించండి. రిపోర్టులో మూతబడిన యూనిట్లకు వేరే కాలమ్ పెట్టి, ఎందుకు మూశారో వాళ్ల మాటల్లోనే రాయండి.