పదహారు సూత్రాల దగ్గరే ఆపకు

అమ్మడూ,

ఎస్పరాంటో క్లాసు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఎంత పొంగిపోయానో! నేను నేర్చుకున్న రోజుల్లో ఇంట్లో అందరూ దాన్ని పిచ్చి కిందే జమకట్టారు. ఇప్పుడు నా చెల్లెలి కూతురు మీ కాలనీ లైబ్రరీలో, ఆదివారం పూట, పిల్లలకి అదే భాష నేర్పబోతోంది. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. భాష వరకే, అంటే దాని వ్యాకరణం పదహారు సూత్రాల వరకే చెప్తావట. అన్ని దేశాలవాళ్లూ మాట్లాడుకోవాలని ఈ భాషను తయారుచేసిన జామెన్‌హాఫ్ ఎవరు, ఏ మతం, అదంతా తీస్తే తల్లిదండ్రులు ఏమనుకుంటారోనని నీకు టెన్షనట. అది విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు.

క్లాసు ఎలా నడపాలో నీకు వేరే చెప్పక్కర్లేదు. నామవాచకం చివర ‘ఓ’, విశేషణం చివర ‘ఆ’. ‘బోనా’ అంటే మంచి, దానికి ముందు ‘మల్’ చేర్చి ‘మల్‌బోనా’ అంటే చెడు. ఇంతవరకు చూపిస్తే చాలు, మిగతా మాటలు పిల్లలే కట్టేస్తారు. ఫీజు పెట్టకు. ఈ భాష మీద నాకు ఏ హక్కూ వద్దు, ఇది సమాజానిదని ఆయన తన మొదటి పుస్తకంలోనే రాసిచ్చేశాడు.

ఉద్యోగం మాత్రం మానకు. 1887లో పోలండ్‌లోని వార్సాలో ఆ పుస్తకం అచ్చయింది మామగారు ఇచ్చిన కట్నం డబ్బుతో. తర్వాత కంటి వైద్యం సాగక ఆయన ఖెర్సోన్, గ్రోద్నో అంటూ ఊళ్లు తిరిగాడు. చివరికి వార్సాలో జీకా వీధిలో, పేద యూదుల మధ్య ప్రాక్టీసు పెట్టాకే కాస్త కుదురుకున్నాడు. ఆ ఏళ్లన్నీ ఆయన భార్య క్లారా పిల్లలతో ఇల్లు ఎలా నెట్టుకొచ్చిందో తలుచుకుంటే నాకు ఆయన మీద కోపం కూడా వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు చేయబోతున్న పని 1905లోనే ఒకసారి జరిగింది. ఫ్రాన్స్‌లో బులోన్ అనే ఊళ్లో మొదటి ప్రపంచ ఎస్పరాంటో మహాసభ. 20 దేశాల నుంచి 688 మంది వచ్చారు. సభలో చదవడానికి ఆయన ఒక ప్రార్థనా గీతం రాసుకున్నాడు. చివరి చరణంలో క్రైస్తవులు, యూదులు, ముస్లింలు అందరూ ఒకే దేవుడి పిల్లలని ఉంది. ఫ్రాన్స్‌లోని పెద్దలు ముందే విని కంగారుపడ్డారు. డ్రేఫస్ అనే యూదు సైన్యాధికారి మీద మోపిన అబద్ధపు దేశద్రోహం కేసు పుణ్యమా అని అక్కడ యూదులంటే దేశం రెండుగా చీలి ఉన్న రోజులు. ఇది చదివితే జనం నవ్వుతారు, భాషే మునిగిపోతుంది అన్నారు. ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. ఆఖరికి ఆ చరణం ఒక్కటీ వదిలేసి మిగతాది చదివాడు. ఎస్పరాంటో అంటే భాష మాత్రమే, ఇంకే ఆశయం కలుపుకున్నా అది ఎవరి సొంత విషయం వాళ్లదేనని ఆ సభే తీర్మానించింది. ఆయన యూదుడన్న సంగతి పత్రికలకి తెలియకుండా జాగ్రత్తపడ్డారు కూడా. అలా జాగ్రత్తపడిన వాళ్లలో ఎమిల్ జవాల్ ఒకడు. ఆయన స్వయంగా యూదుడు, కంటి డాక్టరు, అప్పటికే చూపు పోయినవాడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారమ్మా. నీలాగే భాష బతకాలని చూశారు. ఆ మంచితనమే నాకు భయం.

ఎందుకంటే ఆయన భాష చేసిందే ఆ కారణానికి. పుట్టిన ఊరు బియావిస్తోక్‌లో రష్యన్లు, పోలిష్ వాళ్లు, జర్మన్లు, యూదులు ఒకరి మాట ఒకరికి పట్టక, ఒకరంటే ఒకరికి గిట్టక బతికేవాళ్లు. చిన్నప్పుడు వీధిలో చూసిన ఆ ద్వేషమే ఆయన్ని ఈ పనిలోకి దించింది. 1906 జూన్‌లో ఆ ఊళ్లోనే యూదుల మీద పడి పదుల మందిని చంపారు. ఆ ఏడాదే జెనీవా సభలో ఆయన ఇక ఊరుకోలేదు. ఆ హత్యల గురించి అందరి ముందూ మాట్లాడాడు. ఆశయం లేని ఎస్పరాంటో తనకి అక్కర్లేదన్నాడు.

నాకు వార్సా నుంచి ఒక పెద్దావిడ ఉత్తరాలు రాసేది. టైపు మిషన్ మీద కొట్టి, సి, జి, ఎస్ అక్షరాల మీద ఉండాల్సిన టోపీ గుర్తుల్ని నీలం సిరాతో ఒక్కొక్కటీ దిద్దేది. ఒక్కటి కూడా మరిచిపోయేది కాదు. యూదుల శ్మశానంలో ఆయన సమాధి చూసి వచ్చి నాకు రెండు పేజీలు రాసింది. ఆయన 1917లోనే పోయాడు. కొడుకు ఆడమ్‌ని 1940లో నాజీలు కాల్చేశారు. కూతుళ్లు జోఫియా, లిడియా 1942లో ట్రెబ్లింకా అనే నాజీల మృత్యుశిబిరంలో పోయారు. లిడియా నీలాగే ఊరూరా తిరిగి ఎస్పరాంటో నేర్పిన పిల్ల. ఆ వరుస రాసిన చోట అక్షరాల మీద సిరా అలుక్కుపోయి ఉంది.

పదేళ్ల పిల్లలకి ట్రెబ్లింకా చెప్పమనడం లేదు. ఆ నాలుగు భాషల ఊరి కథ చెప్పు, ఆయన యూదుడని దాచకుండా చెప్పు. ఎవరైనా వచ్చి ఇదంతా ఎందుకని అడిగితే గొంతు పెంచకు, నీకసలే ముక్కు మీద కోపం. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మళ్లీ మొదట్నుంచి చెప్పు. అప్పటికీ పిల్లని పంపకపోతే పోనీ, బాధపడకు. మిగిలినవాళ్లకి చెప్పు. నీ వెనక నేనున్నాను.

డిసెంబరు 15 ఆయన పుట్టినరోజు. ఎస్పరాంటో వాళ్లు ఆ రోజు పుస్తకాలు కొనుక్కుంటారు. నీ పిల్లలకి పుస్తకాలు నేను కొంటాను. ఎంతమంది చేరారో రాయి. నేనూ వస్తాను. టికెట్ నువ్వే బుక్ చెయ్యి, లోయర్ బెర్త్.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ