ఎలుకలో ఆగిన క్యాన్సర్ మనిషిలోనూ ఆగుతుందా?

"మా అక్కకు రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. మనిషి క్యాన్సర్ ఎక్కించిన ఎలుకల్లో ఏదో మందు ఆ పాకడాన్ని ఆపేసిందని వాట్సాప్‌లో వచ్చింది. ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మూడేళ్లు ఇలాంటి ఎలుకలతోనే పనిచేశాను. ఆ అనుభవంతో చెప్పగలిగింది చెబుతాను.

మామూలు ఎలుకలో మనిషి కణాలు పెడితే బతకవు, దాని రోగనిరోధక శక్తి వాటిని ఉండనివ్వదు. అందుకే బొచ్చులేని న్యూడ్ ఎలుకలు వాడతారు. 1962లో గ్లాస్గోలో ఇవి మొదట కనబడ్డాయి. బొచ్చు రాకుండా చేసే జన్యులోపమే వీటికి థైమస్ గ్రంథి కూడా లేకుండా చేస్తుంది. థైమస్ లేకపోతే బయటి కణాలను గుర్తించి చంపే టి కణాలు తయారుకావు. తర్వాత రోగనిరోధక శక్తి ఇంకా తక్కువున్న ఎన్‌ఎస్‌జీ అనే ఎలుకల రకం వచ్చింది. మేం రెండూ వాడాం. వాటిలోకి ఎక్కించిన కణాల పేరు ఎండీఏ-ఎంబీ-231. అమెరికాలో ఒక రొమ్ము క్యాన్సర్ రోగికి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి 1973లో తీసినవి, ఇప్పటికీ ప్రపంచమంతా పెంచుతూనే ఉన్నారు.

ఆ కణాలను ఎలుక తోక సిరలోకి ఎక్కించే పని నా చేతికి మొదటిసారి వచ్చింది మే నెలలో. కణాలు పెంచే గది ఒక బిల్డింగ్‌లో, ఎలుకలుండేది ఇంకో బిల్డింగ్‌లో. ఐస్ డబ్బా పట్టుకుని ఆ ఎండలో దాదాపు పరిగెత్తాను. తోకను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే పక్కనున్న సిర ఉబ్బి కనిపిస్తుంది. సూది సిరలో ఉంటే లోపలికి వెళ్తున్నట్టు కూడా తెలియకుండా జారిపోతుంది. పక్కకు తప్పితే సిరంజి బిగుసుకుంటుంది, తోక మీద తెల్లగా పొంగుతుంది. పది ఎలుకల్లో ఒకదానికి నాకలాగే అయింది.

ఆ కణాల్లో మిణుగురు పురుగు జన్యువు పెట్టి ఉంటుంది. ఎలుకకు ఆ జన్యువున్న కణాలను వెలిగించే లూసిఫెరిన్ అనే పదార్థం ఇచ్చి, పది నిమిషాలాగి, మత్తులో చీకటి పెట్టెలో పడుకోబెడితే కణాలున్న చోటు కెమెరాకు వెలుగుగా కనిపిస్తుంది. మొదటి రోజు తొమ్మిది ఎలుకలకు ఛాతీలో వెలుగు, ఒకదానికి తోకలోనే. మూడో రోజుకు ఛాతీలో వెలుగు దాదాపు మాయం! ఐస్ కరిగి కణాలు చచ్చిపోయాయేమోనని ఒకటే టెన్షన్. సీనియర్ అన్న మాత్రం "గాభరా పడకు, ఇంకో రెండు వారాలు ఆగి చూడు" అన్నాడు. మూడో వారంలో వెలుగు మళ్లీ వచ్చింది, ఈసారి తగ్గలేదు. రక్తంలోకి వెళ్లిన కణాల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయట. 1970లో ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో లెక్కపెడితే, చివరికి మిగిలినవి వెయ్యింటికి ఒకటి చొప్పున కూడా లేవు. అప్పటిదాకా నేను అది పుస్తకంలో చదివానే గానీ తలకెక్కలేదు.

మీ ప్రశ్నకు జవాబు కూడా ఆ మూడు వారాల్లోనే ఉంది. మేం పరీక్షించిన ఒక పదార్థాన్ని తోకకు సూది వేయడానికి ముందు రోజే మొదలుపెడితే ఫలితం అదిరిపోయింది. ఊపిరితిత్తుల్లో గడ్డలు లేవన్నంత తక్కువ. అదే పదార్థాన్ని వెలుగు తిరిగొచ్చాక మొదలుపెడితే పెద్ద తేడా ఏమీ లేదు. అంటే అది కణాలను చేరనివ్వలేదు, అంతే. చేరి కూర్చున్నవాటిని కదిలించలేకపోయింది. మీ అక్కగారి విషయంలో అవి ఇప్పటికే చేరాయి. వార్తలో మాత్రం రెండిటికీ "వ్యాప్తిని ఆపింది" అనే రాస్తారు, ఇది నాకు ఒళ్లు మండే విషయం.

కణాలు ఎక్కడ పెట్టారన్నది కూడా చూడాలి. తోక సిరలో వేస్తే మొదట తగిలే సన్నని రక్తనాళాలు ఊపిరితిత్తుల్లోవే కాబట్టి అక్కడే ఇరుక్కుంటాయి. గుండె ఎడమ గదిలో వేస్తే ఎముకలకు, మెదడుకు పోతాయి. చర్మం కింద పెడితే గడ్డ ఎంత పెరిగినా చాలాసార్లు ఎక్కడికీ పాకదు. మనిషికి కాస్త దగ్గరగా ఉండేది ఎలుక రొమ్ము కొవ్వులోనే పెంచి, గడ్డను ఆపరేషన్ చేసి తీసేసి, తర్వాత ఏమవుతుందో నెలల తరబడి చూడటం. ఖర్చు, ఓపిక రెండూ కావాలి, ఒక్కో ఎలుకది ఒక్కో తీరు. అందుకే తక్కువమంది చేస్తారు.

ఇంకో మాట. టి కణాలే లేని ఎలుకలో ఇమ్యునోథెరపీ, అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స, పనిచేసిందీ లేనిదీ తెలియదు. దానికి వేరే ఎలుకలు కావాలి.

ఆ మెసేజ్‌లో మందు పేరు ఉంటే రాయండి. మనుషుల మీద ట్రయల్ దాకా వచ్చిందేమో మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలో వెతికి చెబుతాను. ఈలోగా అక్కగారి మందులు మాత్రం ఆపనివ్వకండి.