కనిగిరి నాటకానికి ముందు

అమ్మాయీ,

కనిగిరి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్ల మీద వీధి నాటకం వేస్తున్నామని స్క్రిప్టు పంపావు, చదివాను. పాట బాగుంది. రెండో సీను మాత్రం తీసెయ్యి. ఫ్లోరైడ్ వల్ల నడుం వంగినవాడిలా ఒకబ్బాయి నడుస్తాడని రాశావు. నిజంగా నడుం వంగిన పెద్దాయన ముందు వరసలోనే కూర్చుని ఉంటాడమ్మా.

ఈ తప్పు నేను చేశాను. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో పాటలు, నాటకాలు వేసే కళాజాతా బృందంతో నెల్లూరు జిల్లా ఊళ్లు తిరిగేవాళ్లం. నాది తాగుబోతు వేషం. తూలితే చాలు, మగవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు, నాకదే గొప్ప. ఒక ఊళ్లో ఆట అయ్యాక ఒకావిడ దగ్గరికొచ్చి, "బాగా తూలావు నాయనా. మా ఇంట్లో ఆ వేళకి పిల్లలు మంచం కింద దూరతారు" అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి తాగేవాణ్ణి చూపించలేదు, వాడొచ్చేదాకా బిక్కుబిక్కుమంటూ కూర్చునే ఇంటినే చూపించాం.

1992లో ఆ జిల్లాలోనే దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. 1993 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అదంతా మా ఆటపాటల వల్లేనని మావాళ్లు చెప్పుకుంటారు గానీ, అది కాస్త ఎక్కువే. రాత్రి బడిలో సారా మీద పాఠం చదివాక, అది తమ ఇంటి కథేనని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు చూడు, అసలు పని అక్కడ జరిగింది.

అందుకే నాటకం ఇరవై నిమిషాలు దాటనివ్వకు. తర్వాత గంటసేపు మైకు ఆపేసి వాళ్లను మాట్లాడనివ్వు. అన్నాలు తిన్నాక మొదలుపెట్టు, లేకపోతే ఆడవాళ్లు రారు. గుడి ముందు వద్దు, అన్ని వీధులవాళ్లూ మొహమాటం లేకుండా నిలబడే చోటు చూడు. డప్పు ఆ ఊరివాళ్లనే కొట్టమను, డబ్బులిచ్చి.

ఇంకొకటి. చివర్లో "నీళ్లు కాచి తాగండి" అని రాశావు! కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ముందే ఊళ్లోని బోర్ల నీళ్లు పరీక్ష చేయించు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ బోరులో ఎంతుందో ఆ అంకెలే పాటలో పెట్టు. మా బోరు సంగతేంటని వాళ్లే అడుగుతారు.

శనివారం రిహార్సల్‌కి వస్తాను. పామూరు మీదుగా బస్సు దొరికితే పదికల్లా అక్కడుంటా.

మీ మామయ్య