స్క్రిప్టులో లైట్లు వెయ్యకు

తమ్ముడూ,

నీ నాటకం మొత్తం చదివాను. మాటలు బాగా పడ్డాయి, తండ్రీ కూతురూ పోట్లాడుకునే సీనైతే రెండుసార్లు చదివాను. కానీ ఆ సీను దాకా రావడానికి నేను దాటాల్సి వచ్చినవి చాలా ఉన్నాయి: ఎర్ర లైటు, పొగ, ముసుగులు వేసుకున్న బృందం, ప్రేక్షకుల మధ్యలోంచి పాకుతూ వచ్చే నటులు, అన్నీ బ్రాకెట్లలో. పైగా అట్ట మీద 'ప్రయోగాత్మక నాటకం' అని నువ్వే రాసుకున్నావు. ముందు ఆ మాట కొట్టెయ్. అది చూసినవాళ్లు అనాలి.

నీకు ఇష్టమైన ఆ దర్శకులంతా ఏ నాటకాలు తీసుకుని ప్రయోగాలు చేశారో ఎప్పుడైనా గమనించావా? రష్యన్ దర్శకుడు మేయర్‌హోల్డ్ 1926లో విడగొట్టి తనకు కావలసినట్టు కట్టుకున్నది గొగోల్ 'ఇన్‌స్పెక్టర్ జనరల్'ని, అప్పటికి అది తొంభై ఏళ్ల నాటకం. పీటర్ బ్రూక్ 1970లో తెల్ల గోడల పెట్టె లాంటి సెట్టులో నటుల్ని ట్రపీజులు, అంటే సర్కస్ ఉయ్యాలలు, ఎక్కించి ఆడించింది షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'. పోలండ్ దర్శకుడు గ్రొటోవ్‌స్కీ 1963లో ప్రేక్షకుల్ని విందుకొచ్చిన అతిథుల్లాగా పొడవాటి బల్లల దగ్గర కూర్చోబెట్టి, ఆ బల్లల మీదే నటుల చేత ఆడించింది మార్లో రాసిన 'డాక్టర్ ఫాస్టస్'. అన్నీ పాతవే. ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం పడుతున్నారు అనేది వాటిలో అంత గట్టిగా ఉంది కాబట్టి, పైన ఎంత చెరిపినా లోపలి నాటకం చెక్కుచెదరలేదు. నీ స్క్రిప్టులో పైపూత ముందే వేసేశావు, ఇక దర్శకుడికి చెరపడానికి ఏముంది?

వీళ్ల ప్రభావం మనమీద లేదనడం లేదు, చాలా ఉంది, కానీ నువ్వు వెతికిన చోట లేదు. 1922లో మేయర్‌హోల్డ్ ఒక నాటకానికి రంగులద్దిన తెరలూ గోడలూ తీసేసి, చిత్రకారిణి పొపోవా డిజైన్ చేసిన చక్రాలూ నిచ్చెనలూ జారుడుబల్లలూ ఉన్న చెక్క కట్టడం మీద నటుల్ని దూకించాడు. అందులో రచయిత నేర్చుకోవాల్సింది కట్టడం గురించి కాదు. ఒంటితో చెప్పగలిగింది నోటితో మళ్లీ చెప్పించనక్కర్లేదని. నీ రెండో అంకంలో ఆ అబ్బాయి తలుపు దాకా వెళ్లి ఆగిపోతాడు, అప్పటికే మనకు అర్థమైపోయింది, అయినా "నేను వెళ్లలేకపోతున్నాను" అంటాడు. తీసెయ్ ఆ మాట.

జర్మనీ బ్రెహ్ట్ సంగతి వేరు, ఆయన రాసేవాడు, ఆడించేవాడు కూడా. 'మదర్ కరేజ్'లో సీను మొదలవకముందే అందులో ఏం జరగబోతోందో చెప్పేస్తాడు. ఏమవుతుందో అనే టెన్షన్ పోయి, ఎందుకిలా అయింది, ఇంకోలా కాకూడదా అని చూడటం మొదలవుతుంది. ఇది లైటింగ్‌తో వచ్చేది కాదు, కాగితం మీదే చెయ్యగలిగిన పని. నీ చివరి సీనులోని చావును మొదట్లోనే చెప్పేసి చూడు, ఏమవుతుందో.

గ్రొటోవ్‌స్కీ దగ్గర నేను తీసుకున్నది ఒక్కటే, తీసేయడం. మేకప్పు, సెట్టు, రికార్డు చేసిన సంగీతం అన్నీ పోయినా నటుడూ ప్రేక్షకుడూ ఉంటే నాటకం ఉంటుందన్నాడాయన. ఇద్దరు స్నేహితుల్ని పిలిచి, మామూలు ట్యూబ్‌లైటు కింద, ఏ హంగూ లేకుండా నీ నాటకం పైకి చదివించు. ఏ సీను దగ్గర నీకు పొగ కావాలనిపిస్తుందో ఆ సీను ఇంకా రాయలేదన్నమాట.

మరి దర్శకుడు నా నాటకాన్ని పాడుచేస్తే అని అడిగావు. పాత గొడవే. 'చెర్రీ ఆర్చర్డ్' హాస్య నాటకమని చెఖోవ్ మొత్తుకున్నా 1904లో దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దాన్ని ఏడిపించే నాటకంగానే ఆడించాడు, ఇప్పుడు రెండు రకాలుగానూ ఆడుతున్నారు. 1984లో అమెరికాలో దర్శకురాలు జోయాన్ అకలైటిస్ బెకెట్ నాటకం 'ఎండ్‌గేమ్'ని పాడుబడ్డ సబ్‌వే సొరంగంలో పెడితే ఆయన ఊరుకోలేదు. చివరికి ఆయన అభ్యంతరాన్ని ప్రోగ్రాం పుస్తకంలో అచ్చేసి ప్రదర్శన నడిపించారు. నా మనసు బెకెట్ వైపే. ఆయన రాసిన ఖాళీ గది, రెండు చిన్న కిటికీలు మారిస్తే అర్థమే మారిపోతుంది, అందుకే పోట్లాడాడు. నీ బ్రాకెట్లు ఒక్కొక్కటీ అలా చూసుకో. ఇది మారిస్తే నేను దెబ్బలాడతానా? ఆడతాననిపిస్తే ఉంచు. ఎర్ర లైటు కోసం ఎవడు దెబ్బలాడతాడు!

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే నువ్వే పట్టుకుంటావు. జర్మన్ రచయిత హైనర్ ముల్లర్ 1977లో రాసిన 'హామ్లెట్‌మెషీన్' కొద్ది పేజీలే, దాన్ని 1986లో దర్శకుడు రాబర్ట్ విల్సన్ పూర్తి ప్రదర్శనగా చేశాడు. అంత ఖాళీ వదలొచ్చు, నిజమే. కాకపోతే ముల్లర్ అప్పటికే ఎన్నో నాటకాలు రాసి ఉన్నాడు, ఎక్కడ ఖాళీ వదలాలో తెలిసి వదిలాడు. నువ్వు అక్కడికి తర్వాత వెళ్దువుగాని.

ఇంకోటి, రిహార్సల్స్‌కి వెళ్లు. ఫ్రెంచ్ దర్శకురాలు మ్నూష్కిన్ బృందం 1970లో '1789' అనే నాటకాన్ని నటుల ఆశు ప్రదర్శనల్లోంచే తయారుచేసుకుంది. రచయితతో పనిలేదనిపించేలా ఉంది కదా? అదే బృందం 1985లో రచయిత్రి ఎలెన్ సిక్సూ చేత నాటకం రాయించుకుని ఆడింది. దర్శకులకు మనం కావాలి, కానీ ఇంట్లో కూర్చుని ఫోన్లో పోట్లాడే రచయిత ఎవరికీ అక్కర్లేదు. వెనక వరసలో కూర్చో, సలహాలివ్వకు, నటుడు ఏ డైలాగు దగ్గర తడబడుతున్నాడో రాసుకో. ఒకసారైతే మర్చిపోయాడనుకో, ప్రతిసారీ అక్కడే అయితే ఆ డైలాగు నువ్వు మార్చాలి. బ్రాకెట్లు తీసేశాక కొత్త కాపీ పంపు, అప్పుడు రెండో అంకం గురించి వివరంగా మాట్లాడుకుందాం.